షుగర్ ఉన్న తల్లి కాన్పు: లేబర్ రూమ్‌లో, ఆ తర్వాతి రాత్రి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) వచ్చి పన్నెండేళ్లు, రోజుకు నాలుగు ఇంజెక్షన్లు, ఇప్పుడు 34వ వారం. 38 వారాలు నిండగానే నొప్పులు రప్పిస్తామని డాక్టరు అన్నారు. ఆపరేషన్ తప్పదా, నొప్పులు పడుతున్నప్పుడు ఇన్సులిన్ సంగతి ఎవరు చూస్తారు, పుట్టగానే బిడ్డను ఐసీయూకి తీసుకుపోతారా, బిడ్డకీ షుగర్ వస్తుందా, పాలివ్వచ్చా అని అడిగారు. నేను లేబర్ రూమ్‌లో సిస్టర్‌గా 22 ఏళ్లు పనిచేశాను. నా రెండో కాన్పులో గర్భంతో వచ్చే షుగర్ నన్నూ పట్టుకుంది, చివరి రెండు నెలలు ఇన్సులిన్ మీదే నెట్టుకొచ్చాను. అంటే ఆ మంచం పక్కన నిలబడ్డదాన్నీ నేనే, దాని మీద పడుకున్నదాన్నీ నేనే.

మీ అయిదు ప్రశ్నలకీ జవాబు చెప్తాను. కానీ మీరు అడగని ఆరో ప్రశ్న ఒకటుంది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది అదే: కాన్పయిన రాత్రి మీ ఇన్సులిన్ డోసు ఎంత? ఇన్నేళ్లలో ఆ మాట ముందుగా అడిగి, రాయించుకుని వచ్చిన తల్లులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అది అర్థం కావాలంటే మాయ గురించి కాస్త తెలియాలి. బిడ్డకు ఆహారం, ఆక్సిజన్ అందించేది మాయ అని అందరికీ తెలుసు. అది హార్మోన్లు తయారుచేసే కార్ఖానా కూడా అన్న సంగతి షుగర్ ఉన్నవాళ్లకే ఒంటికి తెలుస్తుంది. మాయ పెరిగేకొద్దీ ఆ హార్మోన్లు మీ ఒంట్లో ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. అందుకే 20 వారాలు దాటిన దగ్గర్నుంచి మీ డోసు వారం వారం పెరుగుతూ వచ్చి ఉంటుంది. చివరికి గర్భానికి ముందున్న డోసుకు రెట్టింపు అయినా, అంతకు మించినా వింత కాదు. "నేనేం తప్పు చేస్తున్నాను సిస్టర్" అని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. తప్పేమీ లేదు. మాయ తన పని తాను చేస్తోంది, అంతే.

దీనికి రెండో వైపు ఉంది. 36వ వారం దాటాక డోసు ఒకచోట ఆగడం, కొద్దిగా తగ్గడం మామూలే. అలా కాకుండా కారణమేమీ లేకుండా మాటిమాటికీ షుగర్ పడిపోతూ, రెండు మూడు రోజుల్లోనే రోజు మొత్తం డోసులో ఆరోవంతుకు మించి తగ్గించాల్సి వస్తే, "అమ్మయ్య, అదుపులోకి వచ్చింది" అని సంబరపడకండి. మాయ పని మందగిస్తోందేమో చూడాలి, ఆరోజే డాక్టరుకు ఫోన్ చేయండి. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే మాత్రం ఫోన్ కూడా వద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లిపోండి.

ఇంకో సంగతి. గ్లూకోజ్ మాయ దాటి బిడ్డలోకి వెళ్తుంది, మీ ఇన్సులిన్ వెళ్లదు. మీ షుగర్ పెరిగితే బిడ్డ షుగరూ పెరుగుతుంది, దాన్ని సర్దుకోవడానికి బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువెక్కువగా చేసుకుంటుంది. ఆ ఎక్కువ ఇన్సులిన్ వల్లే భుజాల దగ్గర, పొట్ట దగ్గర కొవ్వు పట్టి బిడ్డ బొద్దుగా పెరుగుతుంది. డెన్మార్క్ డాక్టరు యోర్గెన్ పెడర్సన్ 1950లలోనే ఈ లంకె పట్టుకున్నాడు. బొడ్డు కోయగానే మీ నుంచి వచ్చే షుగర్ ఆగిపోతుంది. బిడ్డ ఒంట్లో అలవాటైపోయిన ఇన్సులిన్ మాత్రం వెంటనే ఆగదు. పుట్టిన మొదటి గంటల్లో బిడ్డ షుగర్ పడిపోయేది అందుకే. లేబర్ రూమ్‌లో గంటగంటకూ మీ వేలు గుచ్చేది కూడా సగం అందుకే.

38 వారాలు ఎందుకన్నారో చెప్తాను. చాలామంది డాక్టర్లు దీన్ని నోరు తెరిచి అనరు, "బిడ్డ పెద్దదవుతుంది" అని ఊరుకుంటారు. అసలు కారణం, షుగర్ ఉన్న తల్లికి చివరి వారాల్లో బిడ్డ ప్రాణం కడుపులోనే పోయే ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ. షుగర్ అదుపులో ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది, సున్నా కాదు. అలాగని మరీ ముందుకు జరపలేం, ఎందుకంటే ఎక్కువ ఇన్సులిన్‌లో పెరిగిన బిడ్డకు ఊపిరితిత్తులు ముదరడం కాస్త ఆలస్యమవుతుంది. ఈ రెండిటి మధ్య సందులో కాన్పు కావాలి. బ్రిటన్‌లో వాడే నైస్ మార్గదర్శకాలు టైప్ 1, టైప్ 2 వాళ్లకు వేరే ఇబ్బందులు లేకపోతే 37 వారాలు నిండాక, 38 వారాల 6 రోజుల లోపు అంటాయి. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం షుగర్ బాగా అదుపులో ఉంటే 39 వారాలు నిండేదాకా ఆగొచ్చంటుంది. కిడ్నీ, కంటి ఇబ్బందులో, బీపీనో ఉంటే ముందుకు జరుపుతారు. కాబట్టి మీ డాక్టరు అన్నది మామూలు మాటే, తొందరపెట్టడం కాదు. ఒకవేళ బాగా ముందే కాన్పు చేయాల్సి వచ్చి, బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే, మర్నాటి నుంచి మూడు నుంచి అయిదు రోజులు మీ షుగర్ చెట్టెక్కి కూర్చుంటుంది. డోసు బాగా పెంచాల్సి వస్తుంది, దాన్ని ఇంట్లో ఒంటరిగా సర్దుకోవాలని చూడకండి.

మీ ఫైల్ మీద ఎవరైనా పాతకాలం డాక్టరు "క్లాస్ సి" అని రాసి ఉంటే కంగారుపడకండి. బోస్టన్‌లో ప్రిసిల్లా వైట్ అనే డాక్టరమ్మ 1949లో షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, ఏ వయసులో వచ్చింది అన్న లెక్కన గర్భిణులను అక్షరాలతో విడదీసింది. పదేళ్లు దాటి ఇరవై లోపు ఉన్నవాళ్లు సి. ఇప్పుడు దానికంత పట్టింపు లేదు.

ఇక ఆపరేషన్. షుగర్ ఉందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ చేయనక్కర్లేదు. నా చేతుల మీదుగా టైప్ 1 తల్లుల మామూలు కాన్పులు ఎన్నో జరిగాయి. కంట్లో షుగర్ మార్పులు ఉన్నాయి కాబట్టి ముక్కకూడదు, కోసేయాల్సిందే అని కొందరు భయపెడతారు. నైస్ మార్గదర్శకాల ప్రకారం అది మామూలు కాన్పుకు అడ్డు కాదు. గర్భంలో కంటి పరీక్ష చేయించుకోవడం మాత్రం వేరే సంగతి, అది తప్పనిసరి.

నిజంగా తూచాల్సింది బిడ్డ బరువు. షుగర్ ఉన్న తల్లికి బిడ్డ అంచనా బరువు నాలుగున్నర కిలోలు దాటితే ఆపరేషన్ గురించి మాట్లాడతారు. ఆ అంచనా స్కాన్‌లోది, తక్కెడలోది కాదు. పది, పదిహేను శాతం అటూ ఇటూ అవుతుంది. స్కాన్‌లో నాలుగు కిలోలంటే మూడున్నర దగ్గరా ఉండొచ్చు, నాలుగున్నరా ఉండొచ్చు. మేం భయపడేది బరువు అంకెకు కాదు, భుజాలకు. మిగతా బిడ్డలకు తలే పెద్దది, తల వచ్చేస్తే మిగతాది జారి వచ్చేస్తుంది. తల్లి షుగర్ ఎక్కువగా ఉండి పెరిగిన బిడ్డకు తలకంటే భుజాలు వెడల్పు కావచ్చు. తల బయటికొచ్చాక బిడ్డ భుజం మీ పొత్తికడుపు కింది ఎముక వెనక ఇరుక్కుంటుంది. అలా అయితే మీ రెండు మోకాళ్లూ పట్టుకుని పొట్టకేసి బాగా మడుస్తారు, ఒకరు బొడ్డు కింద ఎముక పైన అరచేత్తో గట్టిగా అదుముతారు. ఒక్కసారిగా గది నిండా మనుషులవుతారు. అది గాభరా కాదు, ఎవరి పని వాళ్లకు ముందే పంచి ఉంటుంది. ఆ కాసేపూ ముక్కమన్నప్పుడు ముక్కండి, ఆపమన్నప్పుడు ఆపండి. చాలాసార్లు ఆ మోకాళ్లు మడవడంతోనే భుజం వదులవుతుంది.

నొప్పులు రప్పించడం అంటే ఉదయం చేరి సాయంత్రానికి బిడ్డతో కూర్చోవడం అనుకోకండి. మొదటి కాన్పుకు రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. గర్భసంచి ముఖద్వారం మెత్తబడే ఆ మొదటి దశలో మీరు మామూలుగానే తింటారు, మామూలుగానే ఇంజెక్షన్లు వేసుకుంటారు. ఆసుపత్రిలో చేరగానే డ్రిప్ పెట్టేస్తారనుకుని ఇన్సులిన్ మానేసి వచ్చినవాళ్లు ఉన్నారు. ఆ పని మీరు చేయకండి. టైప్ 1 వాళ్లకు అడుగున పనిచేసే దీర్ఘకాలపు ఇన్సులిన్, మేం బేసల్ అంటాం, అది నొప్పుల్లో కూడా ఆగకూడదు. ఆగితే కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకుపోతాయి. గర్భంలో ఈ కీటోన్ల ప్రమాదానికి షుగర్ 400 దాకా పోవాల్సిన పనిలేదు, 200 దగ్గరే రావొచ్చు. పైగా దాని మొదటి గుర్తు వాంతులు. నొప్పుల్లో వాంతులు ఎవరికైనా అవుతాయి కదా అని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. వాంతులు ఆగకపోతే, ఊపిరి బరువుగా అనిపిస్తే "నాకు టైప్ 1, కీటోన్లు చూడండి" అని మీ నోటితో అడగండి. టైప్ 1, టైప్ 2, గర్భంతో వచ్చిన షుగర్, మూడూ ఒకటే అనుకునే సిబ్బంది ఉంటారమ్మా. మా వాళ్లే, అయినా చెప్తున్నాను.

నొప్పులు గట్టిపడ్డాక గంటకోసారి వేలు గుచ్చుతారు. షుగర్ 72 నుంచి 126 మధ్య ఉండాలని చూస్తారు. కొన్నిచోట్ల 90 నుంచి 144 దాకా ఒప్పుకుంటారు. ఆ లోపల మీరే ఇంజెక్షన్లతో ఉంచుకోగలిగితే సరే, లేకపోతే రెండు డ్రిప్‌లు పెడతారు: ఒకదాంట్లో గ్లూకోజ్, ఒకదాంట్లో ఇన్సులిన్. గ్లూకోజ్ బాటిల్ అయిపోయి ఇన్సులిన్ మాత్రం నడుస్తూ ఉండటం, చూడటానికి చిన్న విషయమే, జరిగితే పెద్ద విషయం. మీతో ఉండేవాళ్లకు, భర్త అయినా అమ్మ అయినా, ఒకే ఒక్క పని అప్పగించండి: గ్లూకోజ్ బాటిల్ అడుక్కి వచ్చిందంటే సిస్టర్‌ని పిలవాలి. చేతులు నలుపుకుంటూ కూర్చునేకంటే వాళ్లకూ ఒక పని దొరికినట్టుంటుంది.

ఇక్కడ తమాషా ఏంటంటే, నొప్పులు ముదిరేకొద్దీ ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. గర్భసంచి పెద్ద కండరం కదా, అది గంటల తరబడి బిగుస్తూ వదులుతూ ఉంటే పరుగు పందెంలో ఉన్నట్టే, ఉన్న గ్లూకోజంతా తాగేస్తుంది. పొద్దున్న గంటకు రెండు యూనిట్లు నడిచిన ఆమెకు సాయంత్రానికి అర యూనిట్ కూడా ఎక్కువైపోవడం చూశాను.

మీటర్ గురించి ఒక ముచ్చట. ఒకామెకు ప్రతి గంటా 110, 104, 118 అని వస్తూ ఉన్నట్టుండి 263 వచ్చింది. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు ఇన్సులిన్ పెంచడానికి చెయ్యి చాపింది. నేను ఆమె వేళ్లు పట్టుకుని చూస్తే జిగటగా ఉన్నాయి. నొప్పికీ నొప్పికీ మధ్య గ్లూకోజ్ నీళ్లు తాగి, గ్లాసు అంచు తుడుచుకుంది. తడిగుడ్డతో వేలు తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ గుచ్చితే 112. అప్పట్నుంచీ అంకె నమ్మశక్యంగా లేదంటే ముందు వేలు కడుగుతాను, తర్వాతే డోసు గురించి ఆలోచిస్తాను. మీరు చేతికి అంటించుకునే షుగర్ సెన్సార్ వాడుతుంటే అది ఏ చేతికి ఉందో ముందే చెప్పండి. బీపీ పట్టీ ఆ చేతికే చుట్టి బిగిస్తే, లేదా ఆ పక్కకే ఒరిగి పడుకుంటే, షుగర్ తగ్గకపోయినా తగ్గినట్టు సెన్సార్ చూపిస్తుంది. డోసు మార్చేముందు వేలు గుచ్చి సరిచూసుకోవాల్సిందే.

నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్‌కు షుగర్ అడ్డు కాదు. ఆపరేషనే అని తేలితే ఉదయం మొదటి కేసుగా పెట్టమని అడగండి, ఎంతసేపు కడుపు మాడ్చుకుంటే అంత గొడవ. ముందు రాత్రి బేసల్ డోసు ఎంత తగ్గించాలో డాక్టరు చెప్తారు, మొత్తానికి మానేయరు. పూర్తి మత్తు ఇస్తే మీరు తెలివిలోకి వచ్చేదాకా అరగంటకోసారి షుగర్ చూడాలి, అప్పుడు "నాకు తల తిరుగుతోంది" అని మీరు చెప్పలేరు కాబట్టి.

ఇప్పుడు ఆ ఆరో ప్రశ్న.

బిడ్డ పుట్టిన కాసేపటికి మాయ బయటపడుతుంది. మీ ఇన్సులిన్‌ను ఇన్నాళ్లూ అడ్డుకున్న ఆ కార్ఖానా ఆ నిమిషంలో మూతపడింది. గంటల్లోనే మీ అవసరం కిందికి దిగిపోతుంది, గర్భానికి ముందున్నదానికంటే కూడా తక్కువకు. మాయ పడిన వెంటనే డ్రిప్‌లో ఇన్సులిన్ వేగాన్ని సగానికి తగ్గిస్తారు. తర్వాత ఇంజెక్షన్లకు మారేటప్పుడు సాధారణంగా గర్భానికి ముందు డోసులో నాలుగోవంతు తగ్గించి మొదలుపెడతారు, లేదా చివరి వారాల డోసులో సగం. మీ అంకె మీ డాక్టరే చెప్పాలి. నేను చెప్పేదల్లా, ఆ అంకె మాయ పడకముందే కాగితం మీద ఉండాలి.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, నేను పనిచేసిన ఒకచోట టైప్ 1 తల్లికి సాయంత్రం కాన్పయింది. చక్కటి మామూలు కాన్పు. వార్డుకు మారేటప్పుడు కేస్‌షీట్‌లో పాత డోసే ఉండిపోయింది. రాత్రి సిస్టర్ కేస్‌షీట్ చూసి ఇచ్చింది, తల్లి అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. రెండున్నరకు నేను బిడ్డను చూడ్డానికి వెళ్తే ఉయ్యాలలో బిడ్డ ఏడుస్తోంది, పక్కన తల్లి ఉలుకూ పలుకూ లేకుండా పడుకుని ఉంది. కాన్పయి అలిసిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. దుప్పటి సరిచేద్దామని మెడ కింద చెయ్యి పెడితే దిండు తడిసి ముద్దయి ఉంది. వేలు గుచ్చి చూస్తే షుగర్ 38. నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచి మొదట అడిగింది బిడ్డ ఎందుకు ఏడుస్తోందని. ఇద్దరూ బాగానే ఇంటికెళ్లారు. ఆ దిండు తడి నా చేతికి ఇప్పటికీ గుర్తుంది.

అలసట, చెమట, వణుకు, మత్తు, కాన్పు తర్వాత ఇవన్నీ మామూలుగానే ఉంటాయి, షుగర్ పడిపోయినా ఇవే ఉంటాయి. కాబట్టి ఒంటిని నమ్మొద్దు, మీటర్‌ని నమ్మండి. ఆ మొదటి రాత్రి నిద్రపోయేముందు, మధ్యలో ఒకసారి చూసుకోండి. గర్భంలో పరగడుపున 95, తిన్న రెండు గంటలకు 120 దాటకుండా తాడు మీద నడిచినట్టు నడిచారు కదా, ఇప్పుడు ఆ అవసరం లేదు. 150 కనిపించినా దిద్దడానికి పరిగెత్తకండి, 70 కంటే 150 మేలు.

గర్భంతో షుగర్ వచ్చినవాళ్లకు ఈ బాధ లేదు. మాయ పడగానే ఇన్సులిన్, మాత్రలు అన్నీ ఆపేస్తారు. నాకు అలాగే ఆపారు. మర్నాడు పొద్దున్నే అలవాటుగా ఇన్సులిన్ పెన్ వెతుక్కున్నాను, అదేదో పోగొట్టుకున్నట్టు అనిపించింది కూడా.

బిడ్డ దగ్గరికి వద్దాం. షుగర్ తల్లి బిడ్డ కాబట్టి పుట్టగానే ఐసీయూకి పంపేయడం పాత పద్ధతి. ఏడ్చి, ఊపిరి బాగా తీసుకుంటూ, ఒళ్లు వెచ్చగా ఉంటే బిడ్డ ఉండాల్సింది మీ గుండె మీద. ఆపరేషన్ అయినా అంతే, ముందే అడిగి పెట్టుకోండి. అరగంట లోపు పాలు పట్టించాలి, ఆ తర్వాత రెండు మూడు గంటలకోసారి, నిద్రపోతున్నా లేపి. మొదటి షుగర్ పరీక్ష పుట్టిన రెండు నుంచి నాలుగు గంటల మధ్య, సాధారణంగా పాలు పట్టాక, తర్వాత ప్రతి పాలకు ముందు. పెద్దవాళ్ల అంకెలతో పోల్చి గుండె బాదుకోకండి, అప్పుడే పుట్టిన బిడ్డకు మొదటి గంటల్లో 50 ఉంటే మేం హాయిగా ఊపిరి పీల్చుకుంటాం. అమెరికా పిల్లల వైద్యులు మొదటి నాలుగు గంటల్లో 40కి, ఆ తర్వాత 45కి తగ్గితే పట్టించుకుంటారు. బ్రిటన్‌లో 36 కంటే తక్కువ రెండుసార్లు వరసగా వచ్చిందా, పాలు తాగలేకపోతోందా అన్నది చూస్తారు.

మడమ గుచ్చేటప్పుడు చూడలేకపోతే మొహం తిప్పుకోండి, తప్పేం లేదు. నేనైతే ముందు మడమను అరచేతిలో పెట్టుకుని వెచ్చబెడతాను, చల్లటి మడమ నుంచి చుక్క రాదు, పిండితే బిడ్డకు నొప్పి, అంకె కూడా తప్పు వస్తుంది. మధ్యలో గుచ్చను, పక్కగా గుచ్చుతాను. బిడ్డ రొమ్ము పట్టి ఉన్నప్పుడే గుచ్చితే చాలామంది ఉలిక్కిపడి, మళ్లీ చప్పరించడంలో పడిపోతారు. షుగర్ తక్కువొస్తే ఇప్పుడు చాలాచోట్ల మొదట చేసేది గ్లూకోజ్ జెల్ బుగ్గలోపల రాయడం. చిన్న సిరంజిలో కాస్తంత జెల్, గ్లవ్స్ వేసుకున్న వేలితో బుగ్గ లోపల నెమ్మదిగా రుద్ది, వెంటనే పాలు పట్టిస్తాం. 2013లో న్యూజీలాండ్ వాళ్లు పరీక్షించి చూపించారు, దీనివల్ల బిడ్డను తల్లి నుంచి వేరుచేయాల్సిన అవసరం తగ్గింది. అయినా ఎక్కకపోతే, బిడ్డ మత్తుగా సోలిపోతుంటే, అదురుతుంటే, ఊపిరి గబగబా తీస్తుంటే అప్పుడు ఐసీయూ, నరంలోకి గ్లూకోజ్. చాలామందికి ఒకటి రెండు రోజుల ముచ్చట. కామెర్లు కూడా ఈ బిడ్డల్లో కాస్త ఎక్కువ, చూస్తూ ఉంటారు. కనీసం 24 గంటలు గడవకుండా ఇంటికి తీసుకుపోతామని తొందరపడకండి.

బిడ్డ షుగర్ పడిపోతే డబ్బాపాలు పట్టాల్సి వస్తుందన్న దిగులు ఉంటే ఒక దారి ఉంది. 36 వారాలు దాటాక రోజుకు రెండుసార్లు, పది నిమిషాలకు మించకుండా, చేత్తో ముర్రుపాలు పిండి చిన్న సిరంజిల్లోకి తీసి, తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. ఇలా చేస్తే నొప్పులు ముందే వస్తాయేమో, బిడ్డకు చెడు చేస్తుందేమో అని భయం ఉండేది. ఆస్ట్రేలియాలో షుగర్ ఉన్న 635 మంది గర్భిణులతో చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో అలాంటి హాని కనిపించలేదు. అయితే అందులో చేర్చుకున్నది వేరే ఇబ్బందులు లేనివాళ్లను. కాబట్టి మీ డాక్టరును అడిగే మొదలుపెట్టండి, పిండుతుంటే పొట్ట బిగుసుకుంటూ ఉన్నా, రక్తం కనిపించినా ఆపేయండి. మొదటిరోజు రెండు చుక్కలు వస్తే నిరాశపడొద్దు. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకు ముర్రుపాలు చుక్కల లెక్కే.

పాలివ్వచ్చా అంటే, ఇవ్వండి. షుగర్ తల్లి పాలు తీపి ఎక్కువ, బిడ్డకు పడవు అన్నది వట్టి మాట. ఇన్సులిన్ ఏ కాస్త పాలల్లోకి వెళ్లినా బిడ్డ పొట్టలో అరిగిపోతుంది. మాత్రలు వాడేవాళ్లలో మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ పాలివ్వచ్చు, వేరే మాత్రలైతే అడిగి వేసుకోవాలి. టైప్ 1 వాళ్లకు పాలు పొంగడం ఒక రోజు ఆలస్యం కావచ్చు, అది పాలు లేకపోవడం కాదు, పట్టిస్తూ ఉండండి. పాలిస్తుంటే మీ షుగర్ దిగుతుంది, ముఖ్యంగా రాత్రిళ్లు. బిడ్డ రొమ్ము పట్టాక మీరు లేచి వెళ్లలేరు, కాబట్టి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో తినడానికో తాగడానికో ఏదో ఒకటి ఉంచుకోండి. ఒక చేత్తో మూత తీయగలిగింది అయి ఉండాలి. ఇది నాకు రెండో రాత్రి తెలిసొచ్చింది.

బిడ్డకు షుగర్ వస్తుందా? పుట్టుకతో రాదు. పెద్దయ్యాక వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువ, అంతే. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఇచ్చే లెక్క ప్రకారం టైప్ 1 ఉన్న తల్లికి 25 ఏళ్లు దాటాక పుట్టిన బిడ్డల్లో నూటికి ఒకరికి, అంతకు ముందు పుడితే పాతిక మందిలో ఒకరికి. తండ్రికి టైప్ 1 ఉంటేనే ఎక్కువ, పదిహేడు మందిలో ఒకరికి. ఇంట్లో ఎవరైనా "నీవల్లే" అనబోతే ఈ ఒక్క అంకె చాలు.

ఇది చదువుతున్న గర్భంతో షుగర్ వచ్చినవాళ్లకు ఒక్క ముక్క. కాన్పయ్యాక 4 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష ఉంటుంది, అది చేయించుకోండి. ఆ తర్వాత ఏడాదికో, కనీసం మూడేళ్లకోసారో. మీకు ముందు ముందు టైప్ 2 వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే చాలా రెట్లు ఎక్కువ. అందరికీ చెప్పే నేనే చంటిపిల్లతో తీరిక లేదని అయిదో నెలలో చేయించుకున్నాను, కాబట్టి మీరెందుకు వాయిదా వేస్తున్నారో నాకు తెలుసు.

మీరు 36వ వారం చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఒక తెల్లకాగితం పట్టుకెళ్లండి. టైప్ 1 అని పైన పెద్దక్షరాలతో రాసి, కింద డాక్టరు చేత రాయించుకోండి: నొప్పుల్లో బేసల్ ఎంత, షుగర్ ఎంతకు పోతే డ్రిప్ పెట్టాలి, మాయ పడ్డాక వేగం ఎంతకు తగ్గించాలి, మొదటి రాత్రి ఏ ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, షుగర్ ఎంతకు దిగితే ఎవరికి ఫోన్ చేయాలి. గర్భానికి ముందు మీరెంత వేసుకునేవాళ్లో ఇప్పుడే గుర్తుచేసుకుని రాసిపెట్టుకోండి, ఆరోజు అడిగితే గుర్తురాదు. ఆ కాగితం ఫైల్‌లో మొదటి పేజీగా పెట్టి, రాత్రి డ్యూటీకి ఎవరు మారినా ముందు అది చూపించండి. సిస్టర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఫొటో కూడా తీసి పెట్టుకోండి, మీ ఫోన్‌లో కాదు, మీతో ఉండేవాళ్ల ఫోన్‌లో. నొప్పులు పడేవాళ్ల ఫోన్‌లో సరిగ్గా ఆ సమయానికి ఛార్జింగ్ ఉండగా నేనెప్పుడూ చూడలేదు.